మీ వీధిలో, పార్కులో, బడి దగ్గర ఏం మారాలో జనాన్ని అడగడం ఎలా?

బెజవాడలో ఏ పేటకి వెళ్లినా టీ కొట్టు దగ్గర కాసేపు నిలబడితే చాలు, అక్కడ ఏం బాగుచెయ్యాలో సగం తెలిసిపోతుంది. వాన పడితే ఏ మూల నీళ్లు నిలుస్తాయో, పార్కులో ఏ లైటు వెలగదో, బడి వదిలే టైములో ఏ మలుపు దగ్గర పిల్లలు రోడ్డు దాటలేక ఆగిపోతారో అక్కడ ఉండేవాళ్లకి తెలిసినంతగా ఏ ఇంజినీరుకీ తెలియదు. కానీ ఆ మాటలు అక్కడే ఆగిపోతున్నాయి. ఎవరో ఒకరు పూనుకుని, ఓపిగ్గా అడిగి, రాసుకుని, ఎవరికి చేరాలో వాళ్లకి చేర్చాలి. ఆ పూనుకునేది మీరైతే ఇది మీకోసం. విజయవాడని దృష్టిలో పెట్టుకుని రాశాను గానీ గుంటూరువాళ్లకీ చాలావరకు పనికొస్తుంది.

ముందే ఒక మాట. మైకు పెట్టి "అందరూ రండి, సలహాలు చెప్పండి" అంటే వచ్చేది ఎప్పుడూ వచ్చే ఆ కొద్దిమందే. సొంత ఇల్లున్నవాళ్లు, రిటైరైనవాళ్లు, మాట్లాడటం అలవాటున్నవాళ్లు. వాళ్లు రావడం మంచిదే, కాదనను. కానీ అద్దెకుండేవాళ్లు, ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లు, వాచ్‌మన్ కుటుంబాలు, తోపుడు బండివాళ్లు, తొమ్మిదో తరగతి పిల్లలు ఆ మీటింగుకి రారు, వచ్చినా వెనక నిలబడి వెళ్లిపోతారు. వీధిని, పార్కుని ఎక్కువగా వాడేది మాత్రం వాళ్లే. కాబట్టి మనమే వాళ్ల దగ్గరికి, వాళ్లకి తీరిక ఉన్న టైములో వెళ్లాలి. మిగతా పనంతా దీని మీదే ఆధారపడి ఉంటుంది.

మొదట హద్దు గీసుకోండి

విజయవాడ కార్పొరేషన్‌లో 64 డివిజన్లు, గుంటూరులో 57. ఒక డివిజన్ మొత్తం మీద వేసుకుంటే నెల తిరక్కముందే నీరసపడిపోతారు. ఒక పార్కు, దాని చుట్టూ నాలుగైదు వీధులు, నడిచి వెళ్లగలిగే దూరంలో ఒక బడి, అంతవరకే తీసుకోండి. పార్కు లేని చోట ఖాళీ స్థలమో, కాలవ గట్టో, కొండ మెట్లో తీసుకోవచ్చు. వన్‌టౌన్‌లోనో మొగల్రాజపురంలోనో కొండ మీద ఇళ్లలో ఉండేవాళ్లకి వీధి అంటే ఆ మెట్లే కదా, పట్టుకోడానికి రెయిలింగు ఉందా లేదా అన్నదే అక్కడ పెద్ద సంగతి.

హద్దు గీసుకున్నాక పొద్దున ఒకసారి, చీకటి పడ్డాక ఒకసారి, కుదిరితే వాన వెలిసిన వెంటనే ఒకసారి మొత్తం నడవండి. నడుస్తూ ఒక కాగితం మీద ఏది ఎవరిదో రాసుకోండి. చాలామంది ఇది చెయ్యరు, తర్వాత అర్జీలు పట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరుగుతారు. లోపలి వీధి, సైడు కాలవ, వీధిలైటు, పార్కు సాధారణంగా కార్పొరేషన్‌వి. పెద్ద రోడ్డు ఆర్ అండ్ బీదో, జాతీయ రహదారివాళ్లదో అయి ఉండొచ్చు. ఏలూరు కాలవ, బందరు కాలవ, రైవస్ కాలవ జలవనరుల శాఖవి. ట్రాన్స్‌ఫార్మరు, వేలాడే కరెంటు తీగ కరెంటు సంస్థ సీపీడీసీఎల్‌వి, వాటికి 1912కి ఫోన్ చెయ్యాలి. సిగ్నలు, జీబ్రా గీతల విషయంలో ట్రాఫిక్ పోలీసులతో కూడా మాట్లాడాలి. కాలవ గట్టు మీద బెంచీ వెయ్యమని కార్పొరేషన్‌కి అర్జీ ఇస్తే "అది మాది కాదు" అన్న జవాబు కోసమే నెలలు గడిచిపోతాయి.

పార్కు అని అందరూ పిలిచే స్థలం రికార్డుల్లో నిజంగా పార్కేనా అన్నది కూడా ఇప్పుడే చూసుకోండి. లేఅవుట్ వేసినప్పుడు పదిశాతం స్థలం ఖాళీగా వదిలి స్థానిక సంస్థకి అప్పగించాలన్న నిబంధన ఉంది, పార్కుల్ని, ఆటస్థలాల్ని, ఖాళీ స్థలాల్ని కాపాడటానికి 1985 నుంచి రాష్ట్రంలో ప్రత్యేకంగా చట్టమే ఉంది. మీ వార్డు సచివాలయంలో ప్లానింగ్ సెక్రటరీని అడగండి. అక్కడ తేలకపోతే టౌన్ ప్లానింగ్ విభాగానికి పది రూపాయల ఫీజుతో సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి, 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. ఆ జవాబు చేతిలో ఉంటే తర్వాత ఎవరైనా ఆ స్థలం మీద కన్నేసినా మీ దగ్గర కాగితం ఉంటుంది.

ఎవరెవరు అడగాలి

ఐదారుగురు చాలు. కాకపోతే అందరూ ఒకే అపార్ట్‌మెంట్‌వాళ్లు కాకూడదు. ఒక అద్దెకుండే మనిషి, ఇద్దరు ఆడవాళ్లు, హైస్కూలు చదివే పిల్లో పిల్లాడో ఒకరు తప్పకుండా ఉండాలి. వించిపేటలోనో, గుంటూరు ఆనందపేటలోనో అయితే ఉర్దూ మాట్లాడేవాళ్లు లేకుండా బయల్దేరకండి, పెద్దావిడలు మనసు విప్పి మాట్లాడేది సొంత భాషలోనే. మెప్మా (పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ) ఆడవాళ్ల పొదుపు గ్రూపులు చూసే ఆర్పీ (రిసోర్స్ పర్సన్) మీ వీధిలో ఉంటే ఆవిణ్ణి కలుపుకోండి. ఏ ఇంట్లో ఎవరుంటారో, ఎవరు ఎప్పుడు ఇంటి పట్టున ఉంటారో ఆవిడకి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు.

"మీరు ఏ పార్టీ వాళ్లు?" అన్న ప్రశ్న మొదటి గుమ్మం దగ్గరే వస్తుంది. ఏ పార్టీ తరఫునా రాలేదని సూటిగా చెప్పండి, ఎవరి ఫోటో ఉన్న కండువాగానీ బ్యానరుగానీ దగ్గర పెట్టుకోకండి. అలాగని స్థానిక నాయకులకి, వార్డు సచివాలయానికి చెప్పకుండా దొంగచాటుగా చెయ్యాల్సిన పని కూడా కాదు ఇది. మొదలుపెట్టే ముందే వెళ్లి "ఫలానా వీధుల్లో అందరినీ అడిగి రాసుకుంటున్నామండీ, పూర్తయ్యాక మీకే తెచ్చి ఇస్తాం" అని ఒక మాట చెప్పి వస్తే తర్వాత తలుపులు తెరుచుకుంటాయి.

ఇంకో జాగ్రత్త. ఆధార్ నంబరు, ఇంటి నంబరు, రేషన్ కార్డు లాంటివి అడగొద్దు. పెన్షను పోతుందేమో, ఇల్లు కొట్టేస్తారేమో అన్న టెన్షన్ పేదింట్లో ఎప్పుడూ ఉంటుంది. వీధి పేరు, సుమారు వయసు, ఆడా మగా, అంతే.

ఏం అడగాలి

"మీ వీధికి ఏం కావాలి?" అని అడగకండి. అలా అడిగితే ఎక్కడైనా ఒకే జవాబు వస్తుంది: సీసీ రోడ్డు, ఓపెన్ జిమ్, సీసీ కెమెరాలు. ఇవి అక్కర్లేదని కాదు. కానీ పక్క పేటలో చూసింది గుర్తొచ్చి చెప్పే జవాబులివి, ఆ మనిషి రోజూ పడే ఇబ్బంది వీటిలో ఉండదు. దానికి బదులు వాళ్ల రోజు గురించి అడగండి.

పార్కుకి ఏ టైములో వెళ్తారు, వెళ్లకపోతే ఎందుకు వెళ్లరు? పాపని బడికి ఒక్కదాన్నే నడిచి పంపిస్తారా, ఎక్కడ భయం? చీకటి పడ్డాక ఏ సందులోంచి రావడం మానేశారు? మీ అమ్మగారు నడుస్తూ ఎక్కడ ఆగి కూర్చుంటారు, అక్కడ కూర్చోడానికి ఏమైనా ఉందా? నిరుడు వానలకి నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయి?

జవాబు ఎలా చెప్పారో అలాగే, వాళ్ల మాటల్లోనే రాయండి. "లైటు సమస్య" అని మీరు కుదించి రాస్తే కొత్త స్తంభం కోసం అర్జీ అవుతుంది. అదే మాటని ఆవిడ చెప్పినట్టు రాస్తే ఇలా ఉంటుంది: "లైటుందమ్మా, వెలుగుతుంది కూడా, వేపకొమ్మ కిందకి దిగి దాన్ని మూసేసింది, వెలుగంతా ఆకుల మీదే పడుతుంది, కింద గేటు దగ్గర మనిషి నిలబడ్డా కనపడడు." ఇప్పుడు అక్కడ కావాల్సింది స్తంభం కాదని తెలిసింది, ఆ ఒక్క కొమ్మ కొట్టిస్తే చాలు. పెద్ద ఎస్టిమేటు కాస్తా ఒక పూట పని అవుతుంది. ఇలాంటివి ప్రతి వీధిలో ఉంటాయి, రాసే చెయ్యి తొందరపడితే జారిపోతాయి.

సింగ్‌నగర్, రాజరాజేశ్వరిపేట, కండ్రిక వైపు పనిచేసేవాళ్లకి విడిగా చెప్పాలి. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు వాగు పొంగి ఆ ప్రాంతాలు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. అక్కడ పార్కు, వీధి, బడి అన్న మాటలకి అర్థమే వేరు. ఆ బడి మేడ మీద ఎంతమంది తలదాచుకోగలరు, మెట్ల గదికి తాళం ఎవరి దగ్గర ఉంటుంది, ఏ వీధి ముందు మునిగింది, ఏది ఆఖరికి మునిగింది, పడవ ఎక్కడిదాకా రాగలిగింది అని అడగండి. గోడ మీద నీళ్లు వచ్చిన గీత ఇంకా కనిపిస్తుంటే టేపు పెట్టి కొలిచి ఎత్తు రాసుకోండి. ఆ కొలతలన్నీ ఒక మ్యాపు మీద పెడితే ఆ పేటకి ఏ పని ముందు జరగాలో దానంతటదే తేలుతుంది. అయితే నెమ్మదిగా అడగండి. ఆ రోజుల గురించి అడిగితే కొందరు ఏడుస్తారు. వాళ్లు మాట్లాడినంతసేపు విని, ఆ పూటకి ఇంకే ప్రశ్నా వెయ్యకుండా వచ్చేయడమే సరైన పని.

ఎక్కడ, ఎప్పుడు

ఎండాకాలంలో పదకొండు నుంచి సాయంత్రం దాకా బయట ఎవరూ దొరకరు, మే నెలలో అయితే అసలు పెట్టుకోవద్దు. వానలు తగ్గాక, చలి మొదలయ్యే రోజులు బావుంటాయి. కార్తీకమాసంలో కాలనీలవాళ్లు వనభోజనాలకి ఎలాగూ కలుస్తారు, భోజనాలయ్యాక అందరూ తీరిగ్గా కూర్చునే ఆ గంట కంటే మంచి టైము దొరకదు. వినాయక చవితి పందిరి దగ్గర కుర్రాళ్లంతా దొరుకుతారు.

మామూలు రోజుల్లో పార్కులో తెల్లవారుజామున వాకింగ్‌వాళ్లు, సాయంత్రం పిల్లలు, తల్లులు. ఈ రెండు గుంపులు ఒకరినొకరు చూసుకోరు, అందుకే రెండు పూటలా వెళ్లాలి. బడి దగ్గర అయితే వదిలే టైముకి పావుగంట ముందు వెళ్లండి, గేటు బయట నిలబడిన అమ్మమ్మలు, నాన్నలు, ఆటోవాళ్లు అందరూ ఖాళీగానే ఉంటారు. ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లని మధ్యాహ్నం రెండు ఇళ్ల పని మధ్యలో నీడన కూర్చున్నప్పుడు పలకరించండి.

పారిశుధ్య కార్మికుల్ని మాత్రం మర్చిపోవద్దు. పొద్దున్నే మస్టరు వేయించుకునే చోట, పని మొదలయ్యేలోపు దొరుకుతారు. ఏ సైడు కాలవ ఎక్కడ పూడుతుందో, ఏ మ్యాన్‌హోల్ మూత కదులుతుందో, ఎవరు రాత్రిపూట చెత్త సంచీ తెచ్చి పార్కు గోడ పక్కన పడేస్తారో వాళ్లకి తెలుసు, వాళ్లని ఎవరూ అడగరు. కూర్చోబెట్టి టీ ఇచ్చి అడిగితే మీ జాబితాలో సగం అక్కడే తయారవుతుంది.

కాగితం కంటే ముగ్గు నయం

గూగుల్ ఫారం పెట్టండి, వద్దనను, అపార్ట్‌మెంట్‌లో ఉండి పొద్దున ఎనిమిదికి వెళ్లి రాత్రి తొమ్మిదికి వచ్చేవాళ్లు అందులోనే చెప్తారు. వాట్సాప్‌లో రాయడం కష్టమైన పెద్దవాళ్లని వాయిస్ మెసేజ్ పెట్టమనండి. కానీ ఫారం ఒక్కటే పెట్టి ఊరుకుంటే మళ్లీ ఆ కొద్దిమంది దగ్గరికే వస్తాం.

వీధిలో అయితే నేల శుభ్రం చేసి, మీ హద్దుని ముగ్గుపిండితో పెద్దగా గీయండి. ఇదిగో గుడి, ఇదిగో బడి, ఇది పార్కు గేటు, ఇది మలుపు. గీస్తుండగానే జనం చేరతారు, "ఆ సందు అక్కడ కాదు, ఇంకొంచెం ఇటు" అని ముగ్గు చేతిలోకి తీసుకుంటారు. అలా తీసుకున్నారంటే మ్యాపు వాళ్లదైపోయినట్టే. ఇక ఇబ్బంది ఉన్నచోట ఎర్ర పువ్వు, నచ్చిన చోట పసుపు పువ్వు పెట్టమనండి. చార్టు మీద చేస్తే బొట్టుబిళ్లల ప్యాకెట్టు రెండు రంగులవి కొనుక్కోండి, స్టిక్కర్ల కంటే చవక, ఎలా అంటించాలో ఎవరికీ చెప్పక్కర్లేదు. చెరిపేసేలోపు పైనుంచి ఫోటో తీసుకోవడం ఒకరి బాధ్యతగా పెట్టండి.

పిల్లల విషయంలో మాటలకంటే బొమ్మలు నయం. హెడ్మాస్టరు గారి అనుమతి తీసుకుని, డ్రాయింగ్ పీరియడ్‌లో "ఇంటి నుంచి బడికి దారి" వెయ్యమనండి. పెద్ద కుక్కలుండే చోటు, కంపు కొట్టే కాలవ, లారీ వెనక్కి తీసే మలుపు, జామచెట్టున్న ఇల్లు అన్నీ ఆ బొమ్మల్లో ఉంటాయి. పిల్లాడి ఎత్తులో ఆగి ఉన్న కారు గోడంత ఉంటుంది, దాని వెనక నుంచి వచ్చే బండి వాడికి కనపడదు, బండివాడికి వీడు కనపడడు. ఆ ఒక్క సంగతి గ్రహిస్తే గేటుకి రెండు వైపులా పార్కింగ్ ఎందుకు ఆపించాలో ఎవరికైనా చెప్పగలరు. బడి కమిటీలో నాలుగింట మూడొంతుల మంది తల్లిదండ్రులే ఉండాలని 2009 విద్యాహక్కు చట్టం చెప్తుంది, కాబట్టి ప్రభుత్వ బడి అయితే ఈ బొమ్మలు ముందు ఆ కమిటీ ముందు పెట్టండి. బడికి వంద గజాల లోపు సిగరెట్లు, గుట్కాలు అమ్మకూడదన్నది కూడా చట్టమే, టేపు పట్టుకుని కొలిచి రాసుకోండి.

గొడవ వచ్చిన చోట

వస్తుంది, రావాలి కూడా. వాకింగ్‌వాళ్లు క్రికెట్ ఆపమంటారు, కుర్రాళ్లు ఇంకెక్కడ ఆడాలంటారు. ఇద్దరినీ విడివిడిగా అడిగి మీరు తీర్పు చెప్పొద్దు. ఒకే చోట కూర్చోబెట్టి, ఏ టైములో ఎవరు వాడుతున్నారో గంటల వారీగా చార్టు వేయించండి, చాలాసార్లు తగాదా రోజులో ఒక గంట గురించే అని తేలుతుంది.

ఫుట్‌పాత్ మీద బండ్లు ఇంకా కష్టమైన సంగతి. నివాస ప్రాంతంలో నడిచే దారి అడ్డం లేకుండా కనీసం 1.8 మీటర్లు, అంటే సుమారు ఆరడుగులు ఉండాలని ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణం. అలాగని "బండ్లు తీసేయాలి" అని రాసి ఇచ్చేయడం అన్యాయం. వీధి వ్యాపారుల కోసం 2014లో చట్టం వచ్చింది, పట్టణ వెండింగ్ కమిటీలో 40 శాతం వాళ్ల ప్రతినిధులే ఉండాలి. ఆ టిఫిన్ బండి ఆయన్ని కూడా అడగండి. కాస్త జరిగితే నడవడానికి దారి వస్తుందా, జరగడానికి ఆయనకి అడ్డం ఏమిటి? తరచుగా అది ఒక విరిగిన స్లాబో, పాత స్తంభం మొద్దో అవుతుంది. రాత్రి పదింటిదాకా ఆ బండి లైటు ఉండబట్టే ఆ మలుపు దాటడానికి ఆడపిల్లలకి ధైర్యంగా ఉందన్న మాట కూడా మీకు వినపడొచ్చు. అది కూడా రాయండి.

ఏది ముందు?

అన్నీ కావాలంటే ఏదీ జరగదు. వచ్చిన వాటిని మూడు కుప్పలు చెయ్యండి. మనమే చేసుకోగలిగినవి, వార్డు సిబ్బంది కొద్ది రోజుల్లో చెయ్యగలిగినవి, డబ్బు మంజూరు కావాల్సినవి. మూడో కుప్పకే ఓటు పెట్టండి. ఒక్కో పనికి ఒక్కో గ్లాసు, గ్లాసు ముందు దాని ఫోటో, మనిషికి మూడు చింతపిక్కలు. చదువు రానివాళ్లు కూడా ఎవరినీ అడక్కుండా వేస్తారు. లెక్క అందరి ముందు చెయ్యండి. పెద్దవాళ్లవి, ఆడవాళ్లవి, పిల్లలవి విడివిడిగా లెక్కపెట్టి చూస్తే ఇంకా మంచిది, మొత్తంలో కలిపేస్తే పిల్లల మాట కొట్టుకుపోతుంది.

ఇచ్చే పద్ధతి

ఒక్కో శాఖకి ఒక్కో కాగితం, ఒక్క పేజీ. పైన స్థలం గుర్తులతో సహా (ఫలానా బడి గేటుకి ఎదురుగా, ట్రాన్స్‌ఫార్మరు పక్కన), మధ్యలో ఫోటో, కింద జనం అన్న మాట వాళ్ల మాటల్లోనే రెండు వాక్యాలు, చివర ఏం చెయ్యమంటున్నారో ఒకే వాక్యం. చిన్న పనులు ముందు వార్డు సచివాలయంలో ఇవ్వండి, పురమిత్ర యాప్‌లో కూడా పెట్టొచ్చు. పెద్దవి సోమవారం కార్పొరేషన్ ఆఫీసులో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో ఇచ్చి, రసీదు నంబరు తీసుకోకుండా కౌంటరు వదలకండి.

డబ్బు కావాల్సిన పనులకి టైము చూసుకోవాలి. ఆర్థిక సంవత్సరం ఏప్రిల్‌లో మొదలవుతుంది, అంతకు ముందు బడ్జెట్ తయారవుతుంది, కాబట్టి డిసెంబరు లోపు మీ కాగితం ఇంజినీరింగ్ విభాగానికి చేరితే ఎస్టిమేటు వేయించమని వెంటపడటానికి వీలుంటుంది. పుణె కార్పొరేషన్ 2006 నుంచి బడ్జెట్‌కి ముందే జనం దగ్గర పనుల సూచనలు తీసుకుంటోంది. మూడు లక్షల జనాభా దాటిన నగరాల్లో వార్డు కమిటీలు ఉండాలని 74వ రాజ్యాంగ సవరణ కూడా చెప్తోంది, విజయవాడ, గుంటూరు రెండూ ఆ లెక్క ఎప్పుడో దాటాయి. అర్జీ ఇచ్చేటప్పుడు వినయంగా ఈ మాట గుర్తుచెయ్యడంలో తప్పు లేదు.

తిరిగి వెళ్లి చెప్పడం

అడిగినవాళ్లు మళ్లీ కనపడకపోతే రెండోసారి ఎవరూ నోరు విప్పరు, అందుకే ఈ ఒక్క పనిని వాయిదా వెయ్యకండి. పార్కు గేటు దగ్గర ఒక నల్లబోర్డు పెట్టండి. మూడు గడులు చాలు: మీరు అన్నది, ఎవరికి ఇచ్చాం (తేదీ, రసీదు నంబరుతో), ఏం జవాబు వచ్చింది. "కుదరదన్నారు" అని వస్తే అదే రాసి, ఎందుకన్నారో కూడా రాయండి, జనం అర్థం చేసుకుంటారు. జవాబు రాకపోతే "ఇంకా రాలేదు" అని రాయండి. ఆ వేపకొమ్మ కొట్టించిన రోజు సాయంత్రం, ముందు ఆ మాట చెప్పిన ఆవిడ ఇంటికి వెళ్లి చెప్పి, తర్వాత బోర్డు మీద రాయండి. బడి బొమ్మల జవాబు మాత్రం బోర్డు మీద కాకుండా ఆ తరగతిలోకే వెళ్లి పిల్లలకి చెప్పాలి. బోర్డు మీద సుద్దతో రాసే పని నెలకొకరు చొప్పున వీధిలో పంచుకోండి, కింద ఆ నెల రాసేవాళ్ల పేరు ఉంటే ఏది అడగాలన్నా ఎవరిని అడగాలో అందరికీ తెలుస్తుంది.